విత్తనపు గింజలు, పూర్వరంగపు విజయాలు

ఆగస్టు నెల వచ్చిందంటే డెట్రాయిట్ క్రీడాభిమానికి రెండు పరీక్షలు ఎదురవుతాయి. రేపటి ఆటగాణ్ని ఇచ్చి నేటి గెలుపును కొనుక్కోవాలా అన్నది మొదటిది. లెక్కలోకి రాని విజయాలను చూసి సంతోషించాలా అన్నది రెండవది.

డెట్రాయిట్ నగరం నడిబొడ్డున రెండు పెద్ద క్రీడాప్రాంగణాలు ఇరుగుపొరుగున ఉన్నాయి. నడుమ ఒక వీధి మాత్రమే అడ్డం. ఒకటి ‘టైగర్స్’ అనే బేస్‌బాల్ జట్టుది, రెండవది ‘లయన్స్’ అనే ఫుట్‌బాల్ జట్టుది. పులులూ సింహాలూ పక్కపక్కనే కాపురముంటున్నాయన్నమాట! సంవత్సరంలో చాలా భాగం ఒకరి సందడి మరొకరికి అడ్డురాదు. ఆగస్టులో మాత్రం రెండు ఇళ్లలోనూ దీపాలు వెలుగుతాయి. ఒక ఇంట పంట కోతకు వచ్చిన ఆదుర్దా, రెండవ ఇంట దుక్కి దున్నుతున్న హుషారు.

ఈ ఆటల సంగతి అంతగా తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. అమెరికాలో బేస్‌బాల్ మార్చి చివర మొదలై సెప్టెంబరు దాకా సాగుతుంది. ఒక్కొక్క జట్టు 162 పంద్యాలు ఆడుతుంది. వాటిలో ముందు నిలిచిన కొన్ని జట్లు అక్టోబరులో పతకం కోసం పోరాడతాయి. ఇక అక్కడివారు ఫుట్‌బాల్ అని పిలిచేది మన కలకత్తా మైదానాల ఆట కాదు. కొబ్బరికాయ ఆకారపు బంతిని చేతపట్టుకుని, ఎదుటివారిని తోసుకుంటూ పరుగెత్తే ఆట. అది సెప్టెంబరులో మొదలవుతుంది. దానికి ముందు, ఆగస్టులో, సన్నాహక పంద్యాలు కొన్ని జరుగుతాయి.

నేను 1986 చివర ఉద్యోగరీత్యా డెట్రాయిట్ శివార్లకు చేరాను. అప్పటికి నాకు ముప్ఫై ఏళ్లు. క్రికెట్టు తప్ప వేరే ఆట ఎరగను. నాకు బేస్‌బాల్ నేర్పిన గురువు మా పొరుగింటి వృద్ధుడు. కార్ల కర్మాగారంలో జీవితమంతా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. వేసవి సాయంకాలాల్లో ఆయన ఇంటి వసారాలో రేడియో మోగుతూ ఉండేది. అందులో ఎర్నీ హార్వెల్ అనే వ్యాఖ్యాత, తొందరలేని మృదువైన గొంతుతో, టైగర్స్ ఆటను కళ్లకు కట్టేవాడు. పెద్దాయన నాకొక కుర్చీ చూపేవాడు. ఆట అర్థం కావడానికి నెల రోజులు పట్టింది. జట్టు మీద మమకారం పుట్టడానికి అంతకాలం కూడా పట్టలేదు.

గాదె తలుపు తెరిచిన రోజు

1987 ఆగస్టు 12న టైగర్స్ జట్టు ఒక బేరం కుదుర్చుకుంది. అట్లాంటా జట్టు నుంచి డాయిల్ అలెగ్జాండర్ అనే పిచర్‌ను, అంటే బంతి విసిరే ఆటగాణ్ని, తెచ్చుకుంది. అతడికి అప్పటికే 36 ఏళ్లు. బదులుగా ఇచ్చింది జాన్ స్మోల్ట్జ్ అనే ఇరవై ఏళ్ల కుర్రవాణ్ని. ఆ కుర్రవాడు మిషిగన్ రాష్ట్రంలోనే పుట్టి పెరిగాడు; చిన్ననాటి నుంచీ టైగర్స్ అభిమాని. ఇంకా కింది స్థాయి జట్లలో తంటాలు పడుతున్నవాడు కాబట్టి అతడి పేరు మా వీధిలో పెద్దగా ఎవరికీ తెలియదు.

ఇట్టి బేరాల వెనుక సూత్రం సులువు. ఓడిపోతున్న జట్టుకు ఈ ఏడు మీద ఆశ లేదు, రేపటి మీద ఉంది. గెలుపు వాకిట నిలిచిన జట్టుకు రేపటితో పని లేదు, ఇవాళ ఒక్క చెయ్యి సాయం కావాలి. కాబట్టి మొదటివాడు పండిన ఆటగాణ్ని ఇచ్చి మొలకలను పుచ్చుకుంటాడు. రెండవవాడు మొలకలను ఇచ్చి పండును తీసుకుంటాడు. ఇరువురూ లాభపడ్డామనే అనుకుంటారు. ఎవరి లెక్క నిజమైందో తేలడానికి పదేళ్లు పడుతుంది.

ఈ బేరాలకు గడువు కూడా ఉంది. దాని చరిత్ర 1922లో మొదలైంది. ఆ ఏడు జూలైలో న్యూయార్క్ యాంకీస్ బోస్టన్ నుంచి జో డూగన్ అనే మంచి ఆటగాణ్ని తెచ్చుకుని, సెయింట్ లూయిస్ బ్రౌన్స్ జట్టును ఒకే ఒక్క పంద్యం తేడాతో వెనక్కి నెట్టింది. డబ్బున్నవాడు పంట కోతల వేళ బలం కొనుక్కుంటే పేదవాడి గతేమిటని గగ్గోలు పుట్టింది. మరుసటి సంవత్సరం నుంచి జూన్ 15 గడువుగా నిర్ణయించారు. 1986లో దానిని జూలై 31కి జరిపారు.

అయితే గోడ ఉన్నచోట దొడ్డిదారి కూడా ఉంటుంది. జూలై దాటిన తరువాత ఒక ఆటగాణ్ని మార్చదలచుకుంటే, ముందుగా అతడిని ఇతర జట్ల ఎదుట ఉంచాలి. ఎవరూ కోరకపోతే ఇష్టమైన జట్టుతో బేరం చేసుకోవచ్చు. ఎవరైనా కోరితే ఆ జట్టుతోనే మాట్లాడుకోవాలి, లేదా ఆటగాణ్ని వెనక్కి తీసుకోవాలి. మన పశువుల సంతలో కండువా చాటున వేళ్లు పట్టుకుని సాగించే బేరం వంటిదే ఇది. పైకి ఎవరికీ ఏమీ కనబడదు. ఆగస్టు 31 దాటి వచ్చినవాడు మాత్రం అక్టోబరు పోటీలకు పనికిరాడు. ఈ దొడ్డిదారిని 2019లో పూర్తిగా మూసివేశారు. ఇప్పుడు ఉన్నది ఒకే గడువు.

అలెగ్జాండర్ ఆ దొడ్డిదారినే వచ్చి అద్భుతం చేశాడు. టైగర్స్ తరఫున ఆ ఏడాది తొమ్మిది విజయాలు సాధించాడు. ఓటమి ఒక్కటి కూడా లేదు. తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున ఇచ్చిన పరుగులు 1.53 మాత్రమే. అతడు ఆట ప్రారంభించిన పదకొండు పంద్యాలనూ జట్టు గెలిచింది. చివరి వారాంతంలో టొరాంటో జట్టు మా ఊరికి వచ్చింది. మూడు పంద్యాలూ టైగర్స్‌వే. అక్టోబరు 4, ఆదివారం నాడు ఫ్రాంక్ టనానా 1–0 తేడాతో ఆఖరి ఆట ముగించినప్పుడు మా పెద్దాయన రేడియో ముందు లేచి నిలబడి, నా రెండు చేతులూ పట్టుకుని, ఏమీ మాట్లాడలేకపోయాడు.

కాని ఆ తరువాతి మెట్టు మీదనే మినెసోటా చేతిలో జట్టు 4–1 తేడాతో ఓడిపోయింది. అలెగ్జాండర్ ఆడిన రెండు పంద్యాలూ పోయాయి. 1989లో అతడు ఆరు గెలిచి పద్దెనిమిది ఓడి, ఆటనుంచే తప్పుకున్నాడు.

మరి ఇచ్చివేసిన మొలక? జాన్ స్మోల్ట్జ్ అట్లాంటాలో మహావృక్షమయ్యాడు. 1996లో తన లీగులో ఉత్తమ పిచర్‌గా సై యంగ్ పురస్కారం అందుకున్నాడు. 213 విజయాలు, చివరి ఇన్నింగ్స్‌లో వచ్చి గెలుపును కాపాడిన పంద్యాలు 154. ఈ రెండు లెక్కల్లోనూ అంతటి మొత్తాలు కలిసి ఉన్న పిచర్ మరొకరు లేరు. 2015లో కీర్తిమందిరంలో చోటు దక్కింది. ఇటు టైగర్స్ మళ్లీ అక్టోబరు ముఖం చూసింది 2006లోనే. నడుమ 2003లో 119 పంద్యాలు ఓడి తలవంచుకున్న సంవత్సరం కూడా ఉంది.

ఇది డెట్రాయిట్‌కు మాత్రమే పట్టిన గ్రహచారం కాదు. 1990 ఆగస్టులో బోస్టన్ జట్టు లారీ ఆండర్సన్ అనే పిచర్ కోసం జెఫ్ బ్యాగ్‌వెల్ అనే కుర్రవాణ్ని హూస్టన్‌కు ఇచ్చింది. ఆండర్సన్ బోస్టన్ తరఫున ఆ నెల రోజుల్లో వేసినవి 22 ఇన్నింగ్స్. బోస్టన్‌లో పుట్టి, ఆ జట్టునే ఆరాధిస్తూ పెరిగిన బ్యాగ్‌వెల్ హూస్టన్ తరఫున 449 హోమ్ రన్లు కొట్టి, 2017లో కీర్తిమందిరం చేరాడు.

మా పెద్దాయన తీర్పు

1991 అక్టోబరు 27 రాత్రి. ప్రపంచ సిరీస్ ఆఖరి పంద్యం. అట్లాంటా తరఫున స్మోల్ట్జ్, మినెసోటా తరఫున జాక్ మోరిస్. ఆ మోరిస్ కూడా అంతకుముందు ఏడాది వరకూ టైగర్స్‌లో ఉన్నవాడే. మన ఇంటి పిల్లలిద్దరు పరాయి పందిట్లో తలపడుతున్నట్టు ఉంది. స్మోల్ట్జ్ ఎనిమిదవ ఇన్నింగ్స్‌లో తప్పుకునే దాకా ఒక్క పరుగు ఇవ్వలేదు. మోరిస్ పది ఇన్నింగ్స్ ఆసాంతం నిలబడి మినెసోటాను 1–0తో గెలిపించాడు.

ఆ రాత్రి నేను ఉక్రోషం ఆపుకోలేకపోయాను. “మా ఊళ్లో విత్తనపు గింజలు వండుకు తినడం అంటారండీ దీన్ని. ఎంత కరువొచ్చినా ఆ పని చేసినవాణ్ని ఎవరూ మెచ్చుకోరు” అన్నాను.

పెద్దాయన చాలాసేపు టెలివిజన్ వంకే చూస్తూ కూర్చున్నాడు. తరువాత నెమ్మదిగా, “ఆ ఏడు నాకు డెబ్బై రెండేళ్లు. ఇరవై ఏళ్ల కుర్రవాడు గొప్పవాడయ్యే దాకా ఎదురుచూడడానికి నా దగ్గర అన్ని ఆదివారాలు లేవు. ఆ ఒక్క ఆదివారం చాలు నాకు. దానికి ధర ఎక్కువే. అయినా ఎవరూ నన్ను మోసం చేయలేదు” అన్నాడు.

1994 శీతకాలంలో ఆయన కన్నుమూశాడు. స్మోల్ట్జ్ సై యంగ్ పురస్కారం అందుకోవడం ఆయన చూడలేదు. ఆయన లెక్క ప్రకారం ఆ బేరంలో నష్టపోయింది ఆయన కాదు, నేను. ఆకలిగొన్న ఇంట్లో గాదె తలుపు ఎందుకు తెరుస్తారో నాకు ఆనాటి నుంచి కొంత అర్థమవుతూ వచ్చింది.

చేతులు మారే మనుషులు

అభిమాని ఇంత సులువుగా బేరం, సరుకు అని మాట్లాడుతున్నది మనుషుల గురించి. మధ్యాహ్నం ఒక ఊళ్లో ఉన్నవాడు మర్నాటికి వేయి మైళ్ల దూరాన వేరే దుస్తులు తొడుక్కుంటాడు. భార్యాపిల్లలు, అద్దె ఇల్లు, బడి, అన్నీ వెనుకబడతాయి.

ఈ పద్ధతిని ధిక్కరించినవాడు కర్ట్ ఫ్లడ్. పన్నెండేళ్లు సెయింట్ లూయిస్‌కు ఆడిన అతడిని 1969లో ఫిలడెల్ఫియాకు మార్చివేశారు. అతడు వెళ్లనన్నాడు. న్యాయస్థానానికి ఎక్కాడు. 1972లో అమెరికా సుప్రీంకోర్టు 5–3 మెజారిటీతో అతడికి వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. అతడి క్రీడాజీవితం దాదాపు అక్కడితో సరి. కాని అతడు నాటిన మాట ఊరికే పోలేదు. పదేళ్ల అనుభవం ఉండి, అందులో చివరి ఐదేళ్లు ఒకే జట్టులో ఉన్న ఆటగాణ్ని అతడి సమ్మతి లేకుండా మార్చరాదన్న నిబంధన 1973లో వచ్చింది.

చేతులు మారింది ఆటగాళ్లే అనుకోకండి. మా రేడియోలో వినిపించిన ఎర్నీ హార్వెల్ కూడా ఒక బేరంలో సరుకే! 1948లో బ్రుక్లిన్ జట్టుకు వ్యాఖ్యాత అవసరమై, అట్లాంటాలో చిన్న జట్టుకు వ్యాఖ్యానం చెబుతున్న హార్వెల్‌ను అడిగింది. ఆ యజమాని బదులుగా క్లిఫ్ డాపర్ అనే క్యాచర్‌ను కోరి పుచ్చుకున్నాడు. ఆ ఇద్దరూ ముఖాముఖి కలుసుకున్నది 2002లో, డెట్రాయిట్ ప్రాంగణంలో హార్వెల్ విగ్రహాన్ని ఆవిష్కరించిన నాడు. ఆనాటి బేరం జరగకపోతే ఆ గొంతు మా వసారాకు వచ్చేదా అని నేను తరచు అనుకుంటాను.

పూర్వరంగం

ఇక వీధికి అవతలి ఇల్లు. మన నాటకాలలో అసలు కథకు ముందు పూర్వరంగం ఉంటుంది. వాద్యాలు సరిచూసుకోవడం, నాంది, ప్రస్తావన. ఫుట్‌బాల్‌కు ఆగస్టు పంద్యాలు అటువంటివి. 1978 నుంచి చాలాకాలం ఒక్కొక్క జట్టు నాలుగేసి ఆడింది. 2021లో అసలు పంద్యాలను 17కు పెంచి, వీటిని మూడుకు తగ్గించారు. ఈ గెలుపోటములు ఏ పట్టికలోకీ ఎక్కవు. పేరున్న ఆటగాళ్లు దెబ్బలకు భయపడి కొద్దిసేపే ఆడతారు, లేదా అసలు ఆడరు. అయినా అభిమాని గుండె ఆగదు. ‘ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం’ అన్న సామెత మన పెద్దలు ఆగస్టు నెల ఫుట్‌బాల్ అభిమానిని చూసే చెప్పి ఉంటారు.

2008 ఆగస్టులో లయన్స్ జట్టు నాలుగు సన్నాహక పంద్యాలనూ గెలిచింది. నేనూ మా పెద్దబ్బాయీ ఒక పంద్యానికి వెళ్లి గొంతు పోయేలా అరిచి వచ్చాము. సెప్టెంబరులో అసలు ఆట మొదలైంది. పదహారు పంద్యాలు ఆడితే పదహారూ ఓడిపోయారు. 16 పంద్యాల సీజన్‌లో అట్టి ఘనత సాధించిన మొదటి జట్టు మాదే. 2017లో క్లీవ్‌లాండ్ జట్టు కూడా అచ్చం అలాగే, సన్నాహాలలో నాలుగుకు నాలుగు గెలిచి, తరువాత పదహారుకు పదహారు ఓడి, మాకు తోడు దొరికింది.

అయితే పూర్వరంగం ఉత్త వేడుక అనుకోవడం కూడా పొరబాటే. ఫలితం పట్టికలోకి ఎక్కకపోయినా ఆడేవాడి బతుకులోకి ఎక్కుతుంది. వేసవిలో ఒక్కొక్క జట్టులో తొంభై మంది వరకు ఉంటారు. ఆగస్టు చివర ఆ సంఖ్య యాభై మూడుకు తగ్గాలి. జట్లు 32. లెక్క వేసి చూడండి, వేయి మందికి పైగా కుర్రవాళ్లకు ఒక్కసారిగా సెలవు. కోచ్ గారు పిలుస్తున్నారు, ప్లేబుక్ కూడా తీసుకుని రమ్మన్నారు అని ఒక మనిషి వచ్చి చెబుతాడు. ప్లేబుక్ తెమ్మన్నారంటేనే విషయం తెలిసిపోతుంది. ఆ కబురు తెచ్చేవాణ్ని ఆటగాళ్లు ‘టర్క్’ అని పిలుచుకుంటారు.

ఆ 2008లో కార్ల పరిశ్రమ కుప్పకూలింది. ఆ శీతకాలం నేను పనిచేసే సంస్థలోనూ ఉద్వాసనలు జరిగాయి. గదిలోకి పిలిచేవారు, గుర్తింపు కార్డు తీసుకుని రమ్మనేవారు. నా పక్క బల్ల దగ్గర కూర్చునే తమిళ కుర్రవాడు ఒక ఉదయం అలా వెళ్లి, పెట్టె సర్దుకోవడానికి మాత్రమే తిరిగి వచ్చాడు. అతడి భార్యకు నెలలు నిండుతున్నాయి. నా పేరు ఆ జాబితాలో లేదు. ఎందుకు లేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ తరువాత నేను ఆగస్టు పంద్యాలను చూసే తీరు మారింది. నాలుగవ భాగంలో, ప్రేక్షకులు ఇళ్లకు బయలుదేరుతున్నప్పుడు, పేరు తెలియని ఆటగాళ్లు ప్రాణాలొడ్డి ఆడే ఆటను ఇప్పుడు కదలకుండా చూస్తాను. ఆ మైదానంలో నిజంగా పోటీ పడుతున్నవాళ్లు వాళ్లే.

అందులో ఒకడు కర్ట్ వార్నర్. 1994లో గ్రీన్ బే జట్టు అతడిని సన్నాహాల వేళ వదిలేసింది. అయోవా రాష్ట్రంలో ఒక సూపర్ మార్కెట్‌లో రాత్రిపూట అరలలో సరుకులు సర్దాడు. ఇంటి కప్పు కింద ఆడే చిన్న లీగులో ఆడాడు. చివరకు సెయింట్ లూయిస్ రామ్స్ జట్టులో ప్రత్యామ్నాయంగా చేరాడు. 1999 ఆగస్టులో ఒక సన్నాహక పంద్యంలో ముఖ్య ఆటగాడు ట్రెంట్ గ్రీన్ మోకాలు దెబ్బతిన్నది. వార్నర్‌కు పిలుపు వచ్చింది. అంతకుముందు ఏడు నాలుగే పంద్యాలు గెలిచిన ఆ జట్టు 13 గెలిచింది. 2000 జనవరిలో సూపర్ బౌల్ గెలిచింది. ఒకరి కంట నీరు, ఒకరి ఇంట పండుగ. రెండూ లెక్కలోకి రాని ఒక ఆగస్టు ఆటలోనే జరిగాయి.

నా వంతు

2017 ఆగస్టు 31 అర్ధరాత్రి, గడువు ముగియడానికి క్షణాల ముందు, టైగర్స్ జట్టు జస్టిన్ వెర్లాండర్‌ను హూస్టన్‌కు ఇచ్చివేసింది. 2005లో మా ఊళ్లోనే ఆట మొదలుపెట్టినవాడు. 2011లో సై యంగ్ పురస్కారమూ, లీగులో అత్యుత్తమ ఆటగాడన్న గౌరవమూ పొందినవాడు. కర్ట్ ఫ్లడ్ పుణ్యమా అని అతడి సమ్మతి తప్పనిసరి. అతడు ఆఖరి నిమిషంలో సరేనన్నాడు. బదులుగా వచ్చినవారు ముగ్గురు కుర్రవాళ్లు.

మర్నాడు పదేళ్ల మా మనవడు 35వ నంబరు చొక్కాతోనే మా ఇంటికి వచ్చాడు. “తాతయ్యా, మనకు ఇష్టమైనవాణ్ని ఎందుకు అమ్మేశారు?” అని అడిగాడు. నాకు జవాబు తోచలేదు. ముప్ఫై ఏళ్ల కిందట రేపటిని ఇచ్చి ఇవాళ్టిని కొన్నాము. ఇప్పుడు ఇవాళ్టిని ఇచ్చి రేపటిని తెచ్చుకున్నాము. న్యాయంగా నేను సంతోషించాలి. కాని అరవై దాటిన నాకు ఆ ముగ్గురు ఎప్పుడు ఎదుగుతారన్న దిగులే మిగిలింది. మా పెద్దాయన మాట ఆనాడు పూర్తిగా బోధపడింది. వెర్లాండర్ హూస్టన్‌లో ఆ సెప్టెంబరున ఐదుకు ఐదు గెలిచాడు. ఆ జట్టు ప్రపంచ సిరీస్ కూడా గెలిచింది. ఆ ఏడాది హూస్టన్ ప్రత్యర్థుల సైగలను కెమెరాతో దొంగిలించిందని 2020లో విచారణ తేల్చింది. కొసరుగా ఆ మచ్చ కూడా ఆ బేరానికి అంటుకుంది.

తరువాత ఏడేళ్లు గడిచాయి. 2024 జూలై 30న టైగర్స్ మళ్లీ అమ్మకం వైపే నిలబడింది. మంచి పిచర్ జాక్ ఫ్లాహెర్టీని లాస్ ఏంజిలెస్‌కు ఇచ్చి ఇద్దరు కుర్రవాళ్లను తెచ్చుకుంది. ఈ ఏటికి ఇంతే అనుకున్నాము. కాని ఆగస్టు మధ్యనుంచి ఆ పిల్లల జట్టు గెలవడం మొదలుపెట్టింది. 86 విజయాలతో, 2014 తరువాత తొలిసారిగా, అక్టోబరు పోటీలకు చేరింది. మొదటి మెట్టులో అదే హూస్టన్ జట్టును, దాని సొంత మైదానంలోనే, వరుసగా రెండు పంద్యాల్లో ఓడించింది. ఆనాడు వెర్లాండర్‌కు బదులు వచ్చిన ముగ్గురిలో ఒకడైన జేక్ రోజర్స్ ఆ ఏడు మా క్యాచర్. తరువాతి మెట్టులో క్లీవ్‌లాండ్ చేతిలో 3–2తో ఓడిపోయారు. ఫ్లాహెర్టీ అటు లాస్ ఏంజిలెస్‌తో కప్పు గెలిచి, 2025లో తిరిగి మా జట్టుకే వచ్చాడు. ఇన్నేళ్లలో ఇరుపక్షాలకూ కలిసివచ్చిన బేరం నేను చూసింది అదొక్కటే.

ఆ ఓటమి రాత్రి మా మనవడు నా పక్కనే ఉన్నాడు. పదిహేడేళ్లవాడు, నాకంటె పొడుగు. “వచ్చే ఏడు ఈ కుర్రవాళ్లలో ఎవరినీ ఇవ్వకూడదు తాతయ్యా. నాలుగైదేళ్లు ఓపికపడితే అందరూ ఒకేసారి పండుతారు” అన్నాడు.

వాడి మాట సబబే. వాడి వయసులో నేనూ అదే అనేవాణ్ని. నాకు మాత్రం ఒక్క ఆదివారం కావాలని ఉంది. ఆ సంగతి వాడితో అనలేదు. “చూద్దాంలేరా” అని టెలివిజన్ ఆపేశాను.